మామగారి రెండు పావురాలు

ఆ శనివారం మామగారి కార్యక్రమం చాలా చిన్నది. పొద్దున్నే గడ్డం గీసుకోవాలి, అల్లుడి షెడ్డుకు వెళ్లాలి, బోర్డు చూడాలి, అందులో తప్పు పట్టుకోవాలి, భోజనం వేళకు ఇంటికి తిరిగి రావాలి. బోర్డును ఆయన ఇంకా చూడలేదు. అయినా తప్పు ఉంటుందన్న విషయంలో ఆయనకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

మామగారు పక్షుల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ ఆయన చూసింది రెండంటే రెండే పక్షుల్ని. ఒకటి రాతి పావురం. బూడిద రంగు ఒళ్లు, రెక్క మీద రెండు నల్ల పట్టీలు. బస్టాండులో, కిటికీల్లో, మనం ఇప్పుడే ఉతికి ఆరేసిన దుప్పటి మీద, ఎక్కడ చూసినా అదే. రెండోది మాను పావురం. మొదటిదానికి దగ్గరి చుట్టమే గానీ గుణం వేరు. ఎర్రమట్టి రంగు వీపు, మెడ వెనక నలుపు తెలుపు గళ్లు. చెట్టు దిగదు, మనిషి అలికిడైతే గూట్లో నిలవదు, ఒక కాన్పుకు ఒకే గుడ్డు పెడుతుంది. మొదటిది లోకమంతా నిండిపోయింది. రెండోవి ఆ ఊళ్లో పదకొండంటే పదకొండే మిగిలాయి. ఆ పదకొండూ మునిసిపల్ తోట వెనక మూల, కంచె వేసిన పాత చెట్ల మీద కాపురం ఉంటున్నాయి.

ఆ మూల మీద తోట కమిటీకి ఎప్పటినుంచో కన్నుంది. అక్కడ పిల్లల కోసం బొమ్మ రైలు వేయాలని వాళ్ల ఆశ. మాను పావురాలకు ఈమధ్య ఒక్క పిల్లా దక్కడం లేదు. గుడ్డు పెడతాయి, వదిలేసి పోతాయి. ఈ ఏడాది కూడా ఒక్క పిల్లయినా కనిపించకపోతే కంచె పీకేస్తామని కాగితం వచ్చింది. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి మామగారికి సరిగ్గా నిద్రలేదు. పిల్లలు ఎందుకు దక్కడం లేదో ఆయనకు బాగా తెలుసు: జనానికి ఆ పక్షి విలువ తెలియకపోవడమే. అందుకే ప్రతి ఆదివారం పాతిక ముప్పై మందిని వెంటబెట్టుకుని, కంచె తలుపు తీసి, చెట్ల కిందికి తీసుకెళ్లి విలువ తెలియజెప్పేవారు. అదీ చాలదని ఇప్పుడు బోర్డు. రెండు పావురాల బొమ్మలూ పక్కపక్కనే, ఒక్కోదాని కింద దాని వివరం.

బోర్డు పని అల్లుడికి ఇచ్చింది తోట సూపరింటెండెంటు, మామగారిని అడక్కుండా ఇచ్చాడు. అల్లుడిది అద్దం మీద బొమ్మలు వేసే పని. ఎండకూ వానకూ రంగు చెడకుండా అద్దం వెనక వైపు వేస్తాడు. అందులో అంతా తిరకాసు. ముందు కంట్లో మెరుపు, తర్వాత కన్ను, ఆ తర్వాత తల. అక్షరాలు వెనక్కి. కుడికి రావలసింది ఎడమకు. ముందు వైపు గీతలు పడకుండా, పని పూర్తయ్యేదాకా కాగితం అంటించి ఉంచుతాడు. వెనక్కి రాయడం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కోసారి అతనిచ్చిన సరుకుల చీటీని కొట్టతను అద్దానికి చూపించి చదువుకునేవాడు. ఇలాంటి మనిషిని కూతురు ఏరికోరి చేసుకుందని మామగారు నాలుగేళ్లుగా అతనితో నేరుగా మాట్లాడలేదు. చెప్పవలసింది కూతురికి చెప్పేవారు, అతను పక్కనే ఉన్నా సరే.

షెడ్డులో అద్దం నిలబెట్టి ఉంది. పక్కనే కూతురూ అల్లుడూ ఉన్నారు. మామగారు దాని వెనక వైపుకు వెళ్లి, కళ్లజోడు తుడుచుకుని, అర నిమిషం చూసి, తప్పు పట్టుకున్నారు.

"అమ్మాయ్, మాను పావురం కుడివైపు ఉండాలని చెప్పానా లేదా? మీ ఆయన ఎడమవైపు వేశాడు."

"ఇది వెనక వైపండీ," అన్నాడు అల్లుడు. "ముందు నుంచి చూస్తే కుడికే వస్తుంది."

"నాకు కుడి ఎడమలు నేర్పొద్దని చెప్పమ్మా."

కూతురు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఏది కుడికాలో ఏది ఎడమకాలో గుర్తు పెట్టి పంపడం ఆమె పని. అది తారుమారైతే డాక్టర్లు మంచి కాలికి కట్టు కడతారు. "ఆయన చెప్పేది నిజమే నాన్నా. దీన్ని తిప్పి చూసుకోవాలి," అంది.

"పెళ్లికి ముందు నువ్విలా మాట్లాడేదానివి కాదు," అన్నారు మామగారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. నాలుగో కాలు చూపిస్తే అది అసలు కుందేలే కాదంటారు. "బొమ్మలు మార్చమను. అది ఇటు, ఇది అటు."

"అయితే కింద రాసినవి కూడా మార్చాలి కదండీ?" అన్నాడు అల్లుడు.

వెనక నుంచి చూస్తే ఆ అక్షరాల్లో ఒక్కటీ ఆయనకు కొరుకుడు పడలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఆయన వల్ల కాదు. "అక్షరాల జోలికి వెళ్లొద్దని చెప్పు. ఆ మాటలు పై ఆఫీసువాళ్లు ఒక్కొక్కటీ చూసి ఒప్పుకున్నవి. కింద నా సంతకం ఉంది."

కూతురికి డ్యూటీ వేళైంది. మొగుణ్ణి పక్కకు పిలిచి, "ఆయన చెప్పినట్టే చేసెయ్యండి. ముందున్న కాగితం ఊడదీయగానే ఆయన కళ్లకే కనిపిస్తుంది. అప్పుడు మారుద్దాం," అని వెళ్లిపోయింది. అల్లుడు బ్లేడు తీసుకుని, పది రోజులు కూర్చుని వేసిన రెండు పావురాలనూ గీకడం మొదలుపెట్టాడు. మామగారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆ రోజే కాదు, మళ్లీ వేయడం పూర్తయ్యేదాకా వారం రోజులూ వచ్చి కూర్చున్నారు. ఇంకో తప్పు దొర్లకూడదని ఆయన పట్టుదల.

మరుసటి ఆదివారం పదింటికి తోటలో బోర్డు నిలబెట్టి, సూపరింటెండెంటు చప్పట్ల మధ్య కాగితం లాగేశాడు. మామగారు బోర్డుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, గంటసేపు మాట్లాడారు. తానే దగ్గరుండి వేయించిన బోర్డును మళ్లీ చూడవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. వెనక వరసలోంచి అల్లుడు రెండు చేతులూ ఊపుతుంటే, మెచ్చుకోలు కోసం తొందరపడుతున్నాడనుకుని ముఖం తిప్పుకున్నారు. ఉపన్యాసం ఎవరూ వినలేదు. అందరూ బోర్డు చదివారు.

బోర్డులో కుడివైపు చక్కని బూడిద రంగు పావురం, రెక్క మీద రెండు నల్ల పట్టీలు. కింద ఇలా ఉంది: "మాను పావురం. ఈ ఊరిలో పదకొండు మాత్రమే మిగిలాయి. తీవ్రమైన ముప్పులో ఉంది. ఇది కనిపిస్తే కదపవద్దు, బెదిరించవద్దు, వెంటనే తెలియజేయండి." కింద మామగారి ఫోన్ నంబరు. ఎడమవైపు, మెడ మీద గళ్లున్న ఎర్రమట్టి రంగు పావురం. కింద: "రాతి పావురం. అంతటా కనిపిస్తుంది. దీనికి ఏ ముప్పూ లేదు. దీని కోసం ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు."

ఉపన్యాసం ముగించి, అలవాటు ప్రకారం జనాన్ని చెట్ల కిందికి తీసుకెళ్దామని చూస్తే జనం లేరు. అందరూ ఫొటోలు తీసుకుని అదాటున ఎటో వెళ్లిపోయారు. విలువ తెలిసిందన్నమాట, అనుకున్నారు మామగారు తృప్తిగా.

మధ్యాహ్నం కూతురు, "బోర్డు చూశావా నాన్నా?" అని అడగబోతుండగానే ఫోన్ మోగింది.

"సార్, పదకొండే మిగిలాయని రాశారు కదా. మా బాత్రూం కిటికీలోనే తొమ్మిదున్నాయండీ!"

మామగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మెడ మీద గళ్లున్నాయా?"

"గళ్లేం లేవండీ. రెక్క మీద రెండు నల్ల పట్టీలు. అచ్చు గుద్దినట్టు మీ బోర్డులో ఉన్నట్టే."

"అది రాతి పావురం బాబూ!"

"రాతిదో మట్టిదో, బోర్డు పెట్టింది మీరే కదండీ."

చీకటిపడే లోపల అరవై మూడు ఫోన్లు వచ్చాయి. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇది పెదవి కూడా దాటలేదు, నేరుగా ఫోన్లలోంచి ఫోన్లలోకి పాకింది. సోమవారం పొద్దున మామగారు ఒంటరిగా తోటకు వెళ్లి, మొదటిసారి బోర్డును ముందు నుంచి చూశారు. తర్వాత ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నారు. పదకొండింటి దాకా అలాగే కూర్చున్నారు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"బోర్డు మార్చాలి," అన్నారు సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి.

"దాందేముంది సార్, మార్చేద్దాం. తప్పు ఎవరిదో రాసి పై ఆఫీసుకు పంపాలంతే. 'బొమ్మలూ వివరాలూ దగ్గరుండి సరిచూశాను' అని మీ సంతకం ఉంది కాబట్టి మీది కాదు. పెయింటరు తప్పని ఒక్క ముక్క రాసివ్వండి. చిటికెలో పని."

అల్లుడు తప్పు చేశాడని రాసే అవకాశం కోసం నాలుగేళ్లుగా కాచుకున్న మనిషి మామగారు. తీరా కలం చేతికొచ్చాక చెయ్యి కదల్లేదు. తనదే తప్పని రాయడానికీ కదల్లేదు. మింగలేక కక్కలేక కలం మూతపెట్టి, "నేనే జనానికి చెప్పుకుంటాలే," అని లేచారు. మోగే ఫోన్‌ను మాత్రం తోట ఆఫీసు గుమాస్తాకు అప్పగించి వెళ్లారు.

జనానికి చెప్పడం బస్టాండుతో మొదలైంది. అప్పటికే అక్కడ రెండో ప్లాట్‌ఫారం చుట్టూ తాడు కట్టేశారు. బస్సుల వేళలు చూపించే బోర్డు మీద ఒక పావురం పొదుగుతోంది. దానికి బెదురని మైకు ఆపేశారు. మైకు లేకపోవడంతో ఎనిమిదిన్నర బస్సు ఎక్కవలసినవాళ్లు తొమ్మిదింటి బస్సెక్కి, ఎన్నడూ చూడని ఊళ్లలో దిగుతున్నారు.

"ఇది మామూలు పావురమండీ. తాడు తీసేయండి," అన్నారు మామగారు డిపో మేనేజరుతో.

"మీరెవరండీ చెప్పడానికి?"

"ఆ బోర్డు నేనే పెట్టించాను."

"మరి అందులో పదకొండే ఉన్నాయని ఎందుకు రాయించారు?"

"అది దీని గురించి కాదు."

"బొమ్మ దీనిదే కదండీ?"

"బొమ్మ దీనిదే. రాత దానిది."

డిపో మేనేజరు ఆయన్ను కొంచెంసేపు జాలిగా చూసి, ఒక కుర్చీ తెప్పించి, మంచినీళ్లిచ్చాడు. "పెద్దవారు, ఎండన పడి వచ్చారు. పావురాల సంగతి మేం చూసుకుంటాం. మొత్తం నాలుగు వందల పన్నెండున్నాయి, అన్నీ క్షేమం," అన్నాడు.

ఆ తర్వాత అంతా గోరుచుట్టు మీద రోకటిపోటే. అపార్ట్‌మెంటువాళ్లు బాల్కనీలకు కట్టిన వలలు విప్పేశారు. బేకరీ యజమాని పావురం గూడు కట్టిన పందిరి గుడ్డను విప్పడం మానేసి, ముందు వానకు తడిసినవాళ్లకు క్షమాపణలు చెప్పి తర్వాత రొట్టె ఇచ్చేవాడు. రెండు వీధుల మధ్య పావురాలు ఎవరివన్న తగువు లేచి, ఒక వకీలు చేతికి వెళ్లింది. మామగారు గడప గడపకూ వెళ్లి గళ్లు, పట్టీలు అంటూ నెత్తీ నోరూ కొట్టుకున్నారు. బోర్డులో ఉన్నదాన్ని నమ్మాలా, బోర్డు తప్పని చెప్పే ముసలాయన్ని నమ్మాలా అని జనం ఆలోచించి, బోర్డునే నమ్మారు. ఈ తిరుగుడులో ఆయన కంచె మూలకే వెళ్లలేదు. అక్కడికి వెళ్లాలంటే బోర్డు ముందు నుంచి నడవాలి. ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

ఏడో వారంలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తోట గుమాస్తా మంచి పనివాడు. ఫోన్లో చెప్పిన పావురాన్ని బోర్డుతో పోల్చి, బోర్డులో ఉన్న పేరే రాసి, ప్రతి శుక్రవారం లెక్క పంపాడు. ఉత్తరంలో ఇలా ఉంది: "మీ ఊరిలో మాను పావురాల సంఖ్య పదకొండు నుండి నాలుగు వేల మూడు వందల పన్నెండుకు పెరిగినందుకు అభినందనలు. కనుక వాటికి ఇకపై ముప్పు లేనట్టుగా నిర్ణయించడమైనది. గురువారం తనిఖీ అనంతరం కంచె తొలగించి బొమ్మ రైలు పని ప్రారంభించవచ్చును. కాగా రాతి పావురం ఆరు వారాలుగా ఒక్కటి కూడా నమోదు కానందున, దానిని ముప్పు జాబితాలో చేర్చు విషయం పరిశీలనలో ఉన్నది."

మామగారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత చెప్పులేసుకుని అల్లుడి షెడ్డుకు వెళ్లారు. కూతురు డ్యూటీలో ఉంది. మధ్యలో మాట మోయడానికి ఎవరూ లేరు.

"గురువారం తోటకి నాతో వస్తావా?" అన్నారు.

అల్లుడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. "వస్తానండీ," అన్నాడు.

గురువారం తోట వెనక గేటు దగ్గర లారీ ఆగి ఉంది. అందులో పచ్చరంగు ఇంజను, రెండు పెట్టెలు. తనిఖీ అధికారిణి పొట్టిగా, చురుగ్గా ఉంది. ఫైలు తెరిచే ఉంచి నడుస్తోంది. బోర్డు ముందు ఆగి, "ఏమిటండీ మీ అభ్యంతరం?" అంది.

"తప్పు నాదండీ," అన్నాడు అల్లుడు.

"తప్పు నాది," అన్నారు మామగారు అదే క్షణంలో.

"ఇద్దరూ ఒకేసారి చెప్తే ఎవరి పేరు రాసుకోను?"

"నాదే రాసుకోమ్మా," అన్నారు మామగారు. "అతను సరిగ్గానే వేశాడు. నేను వారం రోజులు పక్కన కూర్చుని, గీకించి మరీ తప్పు వేయించాను. ఆ నాలుగు వేలూ రాతి పావురాలు. మాను పావురాలు పదకొండే. నాకు ఏ శిక్షయినా వేయండి. కంచె మాత్రం తీయొద్దు."

"ఉన్నాయని నాకెలా తెలుస్తుంది? చూపించండి," అందామె. "ఒక్క పిల్లయినా లేకపోతే నేను చేయగలిగిందేం లేదు. కాగితంలో అలాగే ఉంది."

కంచె తలుపు గడియ తుప్పుపట్టి, గట్టిగా లాగితే గాని రాలేదు. లోపల నడిచే బాట లేదు. ఏళ్లుగా వందల కాళ్లు తొక్కి నున్నగా చేసిన నేల మీద మోకాలెత్తు గడ్డి లేచింది. ముగ్గురూ చెట్టు మొదట్లో నిలబడ్డారు. మామగారు బైనాక్యులర్లు కళ్లకు పెట్టుకుని లెక్కపెట్టారు. తొమ్మిది, పది, పదకొండు. ఆయన ఆగలేదు. పన్నెండు. పదమూడు. తర్వాత అద్దాలు మసకబారాయి. బైనాక్యులర్లను అల్లుడి చేతిలో పెట్టి, "నువ్వు చూడు," అన్నారు.

"మెడ మీద ఇంకా గళ్లు రానివి నాలుగున్నాయి మామగారూ," అన్నాడు అల్లుడు నెమ్మదిగా. "ఒకదానికి తల్లి మేత పెడుతోంది."

మామగారు చెట్టుకు ఆనుకుని, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు. అధికారిణి మర్యాదగా ఫైలు వైపు చూసింది.

"మూడేళ్లుగా ఒక్కటీ లేదు, ఇప్పుడు నాలుగు. ఈ ఏడాది కొత్తగా ఏం చేశారు?" అని అడిగింది కాసేపయ్యాక.

మామగారు కళ్లు తుడుచుకుని తలుపు వైపు నడిచారు. తలుపు దగ్గర చూడ్డానికి వచ్చినవాళ్లు సంతకాలు పెట్టే పుస్తకం వేలాడుతోంది. ఆమె తిరగేసింది. కిందటేడు పద్నాలుగు వందల మంది. అంతకు ముందేడు పదమూడు వందలు. ప్రతి ఆదివారం కింద ఒకటే సంతకం, తీసుకొచ్చినవారు ఫలానా అని. బోర్డు పెట్టినప్పటి నుంచీ పేజీలన్నీ ఖాళీ. ఆమె తలెత్తి మామగారి వైపు చూసింది.

"రాలేదు," అన్నారు మామగారు. "ఈ ఏడాది నేను కొత్తగా చేసింది అదే. రాలేదు."

తిరిగి బోర్డు దగ్గరికి వచ్చాక అల్లుడు జేబులోంచి బ్లేడు తీసి, "ఇప్పుడే వెనక రేకు విప్పి మార్చేస్తాను," అన్నాడు. మామగారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు. ముప్పై ఏళ్లు అందరికీ నిజం చెప్పాను. పాపం, విన్నవాళ్లంతా చూడ్డానికొచ్చారు. దీన్నిలాగే ఉండనీ."

"తప్పుడు బోర్డు ఉంచమని నేనెలా రాయనండీ?" అంది అధికారిణి. తర్వాత కాసేపు ఆలోచించి, ఫైల్లో ఇలా రాసింది: "మాను పావురములకు పిల్లలు నాలుగు. ముప్పు కలదు. కంచె ఉండవలెను. బోర్డు చూచితిని. అద్దము శుభ్రముగా ఉన్నది." రైలును ముందు గేటు పక్క ఖాళీలో వేసుకోమని లారీని అటు పంపించింది.

"మరి రాతి పావురాన్ని ముప్పు జాబితాలో చేరుస్తామన్న ఫైలో?" అన్నారు మామగారు.

"అది నా విభాగం కాదండీ," అందామె.

ఆ ఆదివారం మామగారు ముప్పై నాలుగు మందిని వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లి, రెండో ప్లాట్‌ఫారం దగ్గర నోటి మీద వేలు పెట్టుకుని "ష్" అన్నారు. ఎనిమిదిన్నర బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు.